డ్రైవరుతో మాట్లాడరాదు

కొత్తగూడ,
8 అక్టోబర్ 2025

ప్రియమైన నితీష్‌కు,

మీ బాపు దీవించి రాస్తున్నది. నీకు ఇరవై ఆరేళ్లు వచ్చాయి, నేను నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే రేపు ఎస్సైవి అయ్యాక నా మీద కేసు పెట్టకు. మీ శిక్షణ కేంద్రంలో మూడు నెలల దాకా ఫోన్లు ఇవ్వరని నువ్వు చెప్పినప్పుడు, పోనీలే మంచిదే అనుకున్నాను. ఇప్పుడు అవసరం నాకే పడింది. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ఇంట్ల ఎవరికన్న సీరియస్ అయితెనే పిలుస్తం, ఎవరికి ఏమైంది?" అని అడిగారు. నా సంగతి చెప్పడానికి మొహం చెల్లక పెట్టేశాను.

ఉత్తరం రాస్తున్నానంటే మీ అమ్మ నమ్మలేదు. "బస్సుల 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని బోర్డు పెడ్తరు. నువ్వు గా బోర్డు ఇంటికి కూడ తెచ్చుకున్నవ్. ఇయ్యాల ఏమైంది?" అన్నది. 

ఇక్కడ అంతా క్షేమం. ఈసారి దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చి మటన్ దుకాణాలు మూసేశారు. మీ అమ్మ ముందు రోజే రెండు కిలోలు తెచ్చి దాచింది. గాంధీ గారు మన్నించుగాక, పండుగ బాగా జరిగింది. ఈ కవర్లో జమ్మి ఆకు పెడుతున్నాను, మీ సారుకు ఇచ్చి దండం పెట్టు.

నా కుడి కన్ను పర్వాలేదు. ఆపరేషనయి రెండు నెలలు నిండాయి, పండుగ ముందు కొత్త అద్దాలు ఇచ్చారు. నవంబర్ 18న డిపో డాక్టరు పరీక్ష. పాసైతే మళ్లీ స్టీరింగు. కాకపోతే షెడ్డులో కుర్చీ వేసుకుని వచ్చే బస్సు నంబరు, పోయే బస్సు నంబరు రాసుకోవడమే. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపి, చివరికి బస్సులకు హాజరు పట్టీ వెయ్యడం ఎట్లా ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఇక అసలు సంగతి. నీ కంప్యూటర్‌లో ఆ బస్సు ఆట ఉంది కదా, స్టీరింగు, పెడల్సు పెట్టి నువ్వు ఆడేది, నేను తిట్టేది. దాన్ని మీ అమ్మ ఆడుతోంది. అవును, మీ అమ్మే. నువ్వు పోయిన వారానికే మొదలుపెట్టింది. మొదట్లో బండి వెన్నలాగా పోయింది. ఇప్పుడు వారం రోజులుగా పాడైంది. డిపోలో డ్యూటీ దిగాక మెకానిక్‌కు రాసిచ్చే పద్ధతిలోనే రాస్తాను.

బండి: నితీష్ కంప్యూటర్. డ్రైవరు: నీలమ్మ. లోపం: సాఫీగా కదలదు, ఆగి ఆగి దుంకుతుంది. స్టీరింగు తిప్పిన అర క్షణానికి తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే ముందున్న ఆటోకు తగిలాక ఆగుతుంది. దయచేసి చూడగలరు.

మన డిపో మెకానిక్‌లాగా బండి మొహం చూడకుండానే "చూసితిమి, బాగున్నది" అని రాయకు.

నీ బాపు,
లింగమూర్తి
బ్యాడ్జి నంబరు 4417
(అలవాటులో రాసేశాను. కొట్టెయ్యబుద్ధి కాలేదు.)


శిక్షణ కేంద్రం,
14 అక్టోబర్ 2025

ప్రియమైన బాపూ,

కవరు మీద నీ చేతిరాత చూసి ముందు భయపడ్డాను. తర్వాత మూడుసార్లు చదివాను. జమ్మి ఆకు మా డ్రిల్ ఉస్తాద్ లక్ష్మీనారాయణ సార్‌కు ఇచ్చాను. "పండుగ అయి పది దినాలాయె, గిప్పుడు ఇస్తవా?" అని పది బస్కీలు తీయించాడు. ఆకు మాత్రం కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

అమ్మ బస్సు ఆట ఆడటమేమిటి బాపూ? కరెంటు కొడుతుందని టీవీ రిమోట్‌ను కూడా కొంగుతో పట్టుకునే మనిషి కదా! సరే, సంతోషం. ఆడనివ్వు.

తెర మీద బస్సు నిజంగా కదలదు. కంప్యూటర్ ఒక బొమ్మ తర్వాత ఒక బొమ్మ గీసి చూపిస్తూ పోతుంది. సెకనుకు అరవై బొమ్మలు గీస్తే మన కళ్లకు సాఫీగా పోతున్నట్టుంటుంది. పదికో పన్నెండుకో పడిపోతే దుంకినట్టు కనిపిస్తుంది. ఆ లెక్కనే ఫ్రేమ్ రేటు అంటాం. ఆట నడుస్తుండగా పై వరసలో ఎఫ్12 మీట నొక్కితే తెర మూలన చిన్న అంకె వస్తుంది. అదెంతో అమ్మను చూసి చెప్పమను. ఆ అంకె తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే.

ఈలోగా ఒక పని చెయ్యి. ఆ ఆట మహా తిండిపోతు. అందులో గాజు మేడలు, ఆ గాజులో కనిపించే ఎదుటి మేడలు, వాన, నీడలు, స్టాపుల్లో జనం, అన్నీ గీయాలి కంప్యూటర్. మెనూలో గ్రాఫిక్స్ అని ఉంటుంది. అక్కడికి పోయి నీడలు తీసెయ్యి, వాన ఆపు, పొగమంచు వద్దు, మేడల మెరుపు తగ్గించు, జనాన్ని సగానికి సగం తగ్గించు. భారం దిగితే బండి లేస్తుంది.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఈమధ్య కంప్యూటర్‌ను ఎవరైనా ముట్టుకున్నారా? ఏదైనా మార్చారా? మన కింది పోర్షన్‌లో కిరాయికి ఉన్న అవినాష్ అన్న హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరే కదా, ఆయన్ని కూడా ఒకసారి అడుగు.

నీ కొడుకు,
నితీష్
చెస్ట్ నంబరు 212
(నాకూ ఒక నంబరు వచ్చింది.)


కొత్తగూడ,
20 అక్టోబర్ 2025

ప్రియమైన నితీష్‌కు,

దీపావళి దీవెనలు. బయట పటాకుల మోతకు చెవులు పనిచేయడం లేదు, చేతులు పనిచేస్తున్నాయి కాబట్టి రాస్తున్నాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాం. నీడలు తీసేశాం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక్క మనిషికీ నీడ లేదు. నీడ లేనిది దయ్యానికే అంటారు, మీ అమ్మ ఇప్పుడు దయ్యాలను ఎక్కించుకుని తిరుగుతోంది. వాన ఆపాం. మేడల మెరుపు తగ్గిస్తే గాజు మేడలన్నీ సిమెంటు గోదాముల్లాగా అయ్యాయి. జనాన్ని మాత్రం తగ్గించలేదు. స్టాపులో చెయ్యెత్తిన మనిషిని వదిలిపోయిన రోజు నా సర్వీసులో లేదు. మీ అమ్మ కూడా అదే మాటన్నది.

ఇంత చేసినా బండి లేవలేదు. నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులు అది లోపమని కూడా తెలియలేదు. సాయంత్రం ఆరింటికి కొత్తగూడ జంక్షన్‌లో అసలు బస్సు కూడా అట్లాగే పోతుంది కదా, ఆట భలే నిజంగా తీశారే అనుకున్నది మీ అమ్మ.

ఎఫ్12 నొక్కాం. అంకె వచ్చింది. చీమ తలకాయంత ఉంది, అది కూడా వణుకుతూ ఉంది. 12 అని అనిపిస్తుంది, మళ్లీ చూస్తే 72 అనిపిస్తుంది. మీ అమ్మ తేల్చుకోలేకపోయింది. ఏదైతే ఏమిటో నువ్వే చెప్పు.

అవినాష్‌ను మెట్ల మీద పట్టుకుని అడిగాను. గుంటూరు వైపు మనిషి, మంచి మర్యాదస్తుడు. "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా అంకుల్?" అన్నాడు. చేశానన్నాను. "అయితే ఇంకోసారి చేయండి అంకుల్, ఒక్కోసారి రెండోసారికి వింటుందండి" అన్నాడు. ఇంతకీ నీ ఉద్యోగం ఏందయ్యా అంటే, "క్లౌడ్‌లో అండి. నిజం చెప్పాలంటే డబ్బా కంప్యూటర్ ముట్టుకుని ఆరేళ్లయిందండి" అన్నాడు. మొగులు మీద పనిచేసేవాడికి నేల మీది బండి ఏం తెలుస్తుంది? పోనీ వచ్చి చూస్తానన్నాడు, వద్దన్నాను. మీ అమ్మకు సిగ్గు.

ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగావు. ఎవరూ ముట్టుకోలేదు. ఏదీ మార్చలేదు. దుమ్ము కూడా వాలకుండా నేనే చూసుకుంటున్నాను.

ఒక సంగతి మీ అమ్మ అడగమన్నది. బండి బాగానే ఉండి, చూసేవాళ్ల కళ్లలో లోపం ఉంటే కూడా ఇట్లాగే దుంకినట్టు కనిపిస్తుందా? ఊరికే అడగమన్నది, అంతే.

నీ బాపు,
లింగమూర్తి, 4417


శిక్షణ కేంద్రం,
26 అక్టోబర్ 2025

ప్రియమైన బాపూ,

దీపావళికి ఇక్కడ తలా ఒక లడ్డూ, రెండు పరేడ్లు. లడ్డూ చిన్నది, పరేడ్లు పెద్దవి.

నీ పుణ్యమా అని ఇక్కడ నా పేరు మారుమోగింది. పోయిన ఉత్తరం డబ్బాలో వేయబోతుంటే లక్ష్మీనారాయణ సార్ చేతిలోంచి తీసుకుని చూశాడు. "నీడలు తీసెయ్యి, పొగమంచు వద్దు, జనాన్ని సగానికి సగం తగ్గించు. ఏందిరా ఇది? పోలీసు కావడానికి వచ్చినవా, ఎవన్నన్న లేపెయ్యడానికి వచ్చినవా?" అని రెండు వందల మంది ముందు నిలబెట్టాడు. ఫ్రేమ్ రేటు అంటే ఏమిటో రెండు వందల మందికీ అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "గంతేనా? మా ఇంట్ల టీవీ సతాయిస్తె మేం ముందుగాల వైరు చూస్తం. వైరు చూడుమను మీ నాయనను" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వినందుకు గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు పడ్డాయి. వైరు ఊడితే తెర మీద అసలు బొమ్మే రాదు కదా బాపూ. ఆయన కాలం టీవీలు వేరు.

అంకె సంగతి. 12 అయితే మిషన్‌కు జబ్బు. 72 అయితే మిషన్ గుర్రంలాగా ఉందన్నమాట, జబ్బంతా చూసే కళ్లలోనే. అప్పుడు నన్ను అడిగి లాభం లేదు, అమ్మను నీ కంటి డాక్టరు దగ్గరికే తీసుకుపో. ఆపరేషనప్పుడు నీకిచ్చినట్టే అమ్మకూ నల్ల అద్దాలిస్తే జోడీ కుదురుతుంది.

ఇంకొకటి చూడమను. ఆట ఆడుతున్నప్పుడు డబ్బా పక్కన చెయ్యి పెడితే వేడిగా ఉందా? లోపలి ఫ్యాన్లు మోత పెడుతున్నాయా? నేను ఆడేటప్పుడు ఆ మోతకే కదా నువ్వు నన్ను తిట్టేవాడివి. లోపల వేడెక్కిపోయి నెమ్మదిస్తుందేమోనని నా అనుమానం.

నీ కొడుకు,
నితీష్, 212


కొత్తగూడ,
1 నవంబర్ 2025

నితీష్‌కు,

నీ ఉత్తరం అందింది. చెయ్యి పెట్టి చూశాను. డబ్బా మట్టికుండలాగా చల్లగా ఉంది. మోత లేదు, చప్పుడు లేదు. దాని మొహాన పెట్టిన కుంకుమ బొట్టు కూడా చెక్కుచెదరలేదు. ఇంత చల్లగా, ఇంత నిమ్మళంగా ఉన్న బండికి రోగమేముంటుంది? అంకె 72 అయి ఉంటుంది. నువ్వు రాసిందే నిజం, లోపం చూసే కళ్లలోనే ఉంది. ఆలోచిస్తే కొత్త అద్దాలు వచ్చిన వారంలోనే ఇది మొదలైంది.

ఇక దీని గురించి నువ్వు పరేషాన్ కావద్దు. చదువు మీద మనసు పెట్టు.

పరీక్షకు పోవద్దని అనుకుంటున్నాను. షెడ్డు డ్యూటీకి ఒప్పుకుంటున్నానని కాయితం ఇవ్వడానికి ఈ నెల 14 ఆఖరు రోజు. రాసి బీరువాలో పెట్టాను. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. పరీక్షలో డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటాడు. ఆగి ఉన్న అక్షరాలను ఎట్లాగో చదివి పాస్ కావచ్చు. రోడ్డు మీద ఏదీ ఆగి ఉండదు కదా. నా వెనక యాభై మంది కూర్చుంటారు. అడ్డమొచ్చింది అర క్షణం ఆలస్యంగా కనిపించేవాడు ఆ సీట్లో కూర్చోకూడదు. కూర్చుంటే అది పాపం.

నల్ల అద్దాల జోడీ అని రాశావు. మీ అమ్మ చదివి బాగా నవ్వింది.

మీ బాపు


శిక్షణ కేంద్రం,
6 నవంబర్ 2025
(స్పీడు పోస్టులో)

ప్రియమైన బాపూ,

ఆ కాయితం ఇవ్వకు. ముందు ఈ ఉత్తరం చివరి దాకా చదువు, తర్వాత నీ ఇష్టం.

నన్ను మన్నించు. నల్ల అద్దాల మాట నేను అమ్మను ఆట పట్టిస్తున్నాననుకుని రాశాను. అది నీకు తగులుతుందని తెలియలేదు. నీ ఉత్తరం కింద ఈసారి బ్యాడ్జి నంబరు లేదు. అది చూశాకే పాత ఉత్తరాలు తీసి మళ్లీ చదివాను. నాకెంత బుద్ధి లేదో అప్పుడు తెలిసింది. అమ్మ ఉదయం ఏడింటికి హైటెక్ సిటీలో కంపెనీవాళ్ల పిల్లలను చూసుకునే క్రెష్‌కు డ్యూటీకి పోతుంది, సాయంత్రం అయిదుకు వస్తుంది. ఆమెకు బస్సు నడిపే తీరిక ఎక్కడిది? స్టాపులో చెయ్యెత్తిన మనిషిని వదలనన్నప్పుడైనా నాకు తట్టాల్సింది. రేపు దొంగలను పట్టుకోవాల్సినవాణ్ణి, కన్నతండ్రిని పట్టుకోవడానికి నెల పట్టింది.

ఇప్పుడు విను. నీ కళ్లకు ఏమీ కాలేదు. అంకె 12. నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను.

కుంకుమ బొట్టు అని రాశావు. కంప్యూటర్‌కు బొట్టు ఎప్పుడు పెడతారు? దసరాకు. ఆయుధ పూజ చేశావు కదూ! నీ పూజ నాకు తెలియనిదా? డిపోలో బస్సుకు ఎట్లా చేస్తావో ఇంట్లో మిక్సీకీ అట్లాగే చేస్తావు. ఏ ముక్కకు ఆ ముక్క విప్పి, తుడిచి, పసుపు రాసి, మళ్లీ బిగిస్తేనే నీకు తృప్తి. కంప్యూటర్ వెనక ఉన్న వైర్లన్నీ పీకి తుడిచి ఉంటావు. ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగితే ఎవరూ ముట్టుకోలేదని రాశావు. నీ దృష్టిలో పూజ చేయడం ముట్టుకోవడం కాదు మరి!

డబ్బాను వెనక్కి తిప్పు. తెర నుంచి వచ్చే వైరు ఎక్కడ గుచ్చి ఉందో చూడు. ఒకే రకం సందులు రెండు చోట్ల ఉంటాయి. పైన, మిగతా వైర్ల గుంపులో ఒకటి. కింద, పడుకుని ఉన్న సన్నటి పట్టీ మీద ఇంకొకటి. ఆ కింది పట్టీ వెనకే గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఆట బొమ్మలన్నీ గీసే పెద్ద ఇంజిన్ అదే. వైరు పైదానిలో పెడితే బొమ్మ వస్తుంది కానీ, దాన్ని గీసేది లోపలున్న చిన్న ఇంజిన్. పెద్దది పనిలేక నిద్రపోతుంది. అందుకే డబ్బా చల్లగా ఉంది, అందుకే మోత లేదు. ఇంజిన్ ఉన్న బస్సును నలుగురు మనుషులు నెట్టుకుపోతున్నట్టు ఇన్ని రోజులు నువ్వు నడిపావు. అది కూడా ఒక్క ప్రయాణికుణ్ణీ దింపకుండా.

లక్ష్మీనారాయణ సార్‌కు చెప్పాను. "ముందుగాలనే చెప్పిన, వైరు చూడుమని. నవ్వినవ్" అన్నాడు. ఇంకో నాలుగు రౌండ్లు వేయించాడు. తర్వాత తన డబ్బుతోనే స్పీడు పోస్టు కవరు తెప్పించి, "జల్ది రాయి, మీ నాయన కాయితం ఇచ్చేటట్టున్నడు" అన్నాడు.

వైరు మార్చాక నీడలు, వాన, మెరుపు అన్నీ మళ్లీ పెట్టెయ్యి. అప్పుడు నీకొక పరీక్ష ఉంది, డిపో డాక్టరు కన్నా ముందు నేను పెట్టేది. డ్రైవరు సీటులో కూర్చుంటే ఎదుటి అద్దం పైన ఎడమ పక్క చిన్న పలక ఉంటుంది. దాని మీద రెండు వరుసలు. కొత్త అద్దాలు రాకముందు నీకు అది కనిపించి ఉండదు, మెరుపు తగ్గించాక ఎవరికీ కనిపించదు. ఏం రాసి ఉందో నేను చెప్పను. బస్సును కదలనిచ్చి, నడుపుతూ చదువు. చదవగలిగితే 18న పరీక్షకు పో. చదవలేకపోతే ఆ కాయితం ఇచ్చెయ్యి, నేను ఒక్క మాట కూడా అనను.

నీ కొడుకు,
నితీష్, 212


కొత్తగూడ,
23 నవంబర్ 2025

ప్రియమైన కొడుకు నితీష్‌కు,

ఈ ఉత్తరాన్ని వెనక్కి తిప్పి చూడు. షెడ్డు డ్యూటీకి సంతోషంగా ఒప్పుకుంటున్నానని నా చేతిరాతలో ఉంటుంది. మంచి కాయితం, పారెయ్యబుద్ధి కాలేదు. వెనక వైపు ఖాళీగా ఉంది కదా అని నీకు రాస్తున్నాను.

దొంగ ఒప్పుకుంటున్నాడు, రాసుకో. ఆట ఆడింది నేనే. నిన్ను ఆరేళ్లు తిట్టిన నోటితో, ఇప్పుడు నేనే ఆడుతున్నానని చెప్పడానికి సిగ్గేసింది. అందుకే మీ అమ్మ పేరు వాడుకున్నాను. పూజ కూడా చేశాను. కొన్నాళ్లుగా నా చేతిలో ఉన్న బండి అదొక్కటే కదా, దానికి చెయ్యక ఇంక దేనికి చెయ్యను? వైర్లన్నీ పీకి, తుడిచి, ఒక్కోదానికి పసుపు రాసి పెట్టాను. తెర వైరు పెట్టేటప్పుడు రెండు సందులు కనిపించాయి. కింద ఒంటరిగా ఉన్నదానికన్నా పైన నలుగురితో కలిసి ఉన్నది మంచి చోటు అనిపించింది. చక్రాల కింద పెట్టాల్సిన నిమ్మకాయలు, చక్రాలు లేవు కాబట్టి యాక్సిలరేటరు పెడల్ కింద పెట్టి తొక్కాను. ఆ మరక పోవడం లేదు. గుమ్మడికాయ హాల్లోనే కొడదామనుకున్నాను, కానీ ఆ రోజు మీ అమ్మ ఇంట్లో ఉంది.

నీ ఉత్తరం పదో తారీఖు పొద్దున అందింది. చదివి వెంటనే వైరు ముట్టుకోలేదు. వైరు మార్చినా బండి దుంకితే అప్పుడేం చెయ్యాలి? ఆ భయంతో సాయంత్రం దాకా కూర్చున్నాను. మీ అమ్మ వచ్చాక ఉత్తరం చేతిలో పెట్టి, చేసిందంతా చెప్పాను. "నాకెప్పుడో తెలుసు. నేను పనికాంచి వచ్చేసరికి రోజూ నీ చేతులకు స్టీరింగు మీది కుంకుమ. నీ అంతట నువ్వు చెప్తవేమోనని చూస్తున్న" అన్నది. కాయితం సంగతి మాత్రం ఆమెకు తెలియదు. దానికి బాగా తిట్టింది. తిట్టడం అయ్యాక, "లే, డబ్బా తిప్పు, నేను టార్చి పడత" అన్నది.

వైరు తీసి కిందిదానిలో పెట్టాను. తెర నల్లగా అయిపోయింది. రెండు క్షణాలకు మళ్లీ వెలిగింది. ఆ తర్వాత ఆట మొదలుపెడితే డబ్బా లోపల మోత లేచింది చూడు, నిండు బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు. నువ్వు ఆడేటప్పుడు ఆ మోతను ఎంత తిట్టానో అంత ముద్దొచ్చింది. ఎఫ్12 నొక్కితే 64. ఆరు ఆరులాగా, నాలుగు నాలుగులాగా నిలబడి ఉన్నాయి. బస్సు వెన్నలాగా పోయింది. మనుషులకు నీడలు వచ్చాయి. వాన కూడా పెట్టాను, వైపర్లు వేసుకుని పోతుంటే మీ అమ్మ వెనక నిలబడి "జర మెల్లగ పో" అన్నది. చప్పుడుకు అవినాష్ పైకి వచ్చాడు. "వైరేనా అంకుల్!" అని, తన కంప్యూటర్ వెనక ఏముందో చూసుకుంటానని పోయాడు. ఆయనది ల్యాప్‌టాప్. దానికి వెనక ఏమీ లేదట.

18న పరీక్షకు పోయాను. డాక్టరు అక్షరాలు చదివించి, రంగులు చూపించి, మైదానంలో బస్సు ఇచ్చి నడపమన్నాడు. వెనక్కి తీసి రెండు డబ్బాల మధ్య పెట్టమంటే ఒక్కసారికే పెట్టాను. "మూడు నెలలు ఖాళీగా ఉండి టచ్ పోలేదే, ఎట్లా?" అన్నాడు. ఇంట్లో రోజూ నడుపుతున్నానంటే నవ్వాడు. ఫిట్ అని రాశాడు. రేపు సోమవారం పొద్దున అయిదున్నరకు డ్యూటీ, నా పాత రూటే.

ఇంట్లో స్టీరింగు ఇప్పుడు నాకు దొరకడం లేదు. "నా పేరు మీద రెండు నెలలు నడిపినవ్, ఇగ నేనే నడుపుత, జరుగు" అని మీ అమ్మ లాక్కుంది. రోజూ క్రెష్ నుంచి రాగానే గంట. స్టాపులో అందరినీ ఎక్కించుకుంటుంది, అది సరే, స్టాపు కాని చోట కూడా ఎక్కించుకుంటుంది. నిన్న ఫ్లైఓవరు మధ్యలో ఆపి ముసలావిడ కోసం చూసింది. ఆవిడ ఆటలో మనిషి, ఎక్కదే అంటే, "ఎండల నిలబడ్డది, పాపం" అన్నది.  ముప్పై ఏళ్లలో ఆమె నా పక్క సీట్లో కూర్చుని నాతో ఇంత మాట్లాడింది లేదు.

ఇక నీ పరీక్ష. బస్సును కదలనిచ్చి, నలభై వేగంలో, వాన పడుతుండగా చదివాను. మొదటి వరుస: "డ్రైవరు: లింగమూర్తి, బ్యాడ్జి 4417." ఆ ఆట నీది అనుకున్నాను కొడుకా. నువ్వు పోయే ముందు నా కోసమే సిద్ధం చేసి పోయావని అప్పుడు తెలిసింది. నేను ఆడతానని నీకెట్లా తెలుసు? నాకే తెలియదు.

రెండో వరుస: "ఈ డ్రైవరుతో మాట్లాడవచ్చు."

ప్రతి అక్షరం చదివాను. నా కళ్లు బాగున్నాయి. ఆ తర్వాత కాసేపు రోడ్డు కనిపించక బస్సు పక్కకు తీసి ఆపాను, అది కళ్ల తప్పు కాదు.

డిసెంబరు మొదటి వారంలో మీకు ఫోన్లు ఇస్తారట. ఇచ్చిన రోజే చెయ్యి. మాట్లాడవచ్చు. డ్యూటీలో ఉంటే మాత్రం ఎత్తను.

నీ బాపు,
లింగమూర్తి, డ్రైవరు
బ్యాడ్జి నంబరు 4417